అద్దంతో చెప్పిన మాట

"టీలో పంచదార తక్కువైందని చెప్పు" అన్నారు మామగారు.

ఆ మాట వినవలసిన మనిషి ఆయనకు మూరెడు దూరంలో నిలబడి ఉంది. చేతిలో ట్రే కూడా ఇంకా అలాగే ఉంది. అయినా ఆయన కోడలివైపు కన్నెత్తి చూడకుండా, గదిలో అవతలి మూల కూర్చుని బట్టలు మడతపెడుతున్న భార్యవైపు చూసి చెప్పారు.

అత్తగారు తలెత్తకుండానే, "పంచదార తక్కువైందట" అని అందించింది.

"డాక్టరు తగ్గించమన్నాడని చెప్పండి అత్తయ్యా" అంది కోడలు.

"డాక్టరు తగ్గించమన్నాడట" అని అత్తగారు కాస్త గట్టిగానే అటు తిప్పి చెప్పింది.

"ఈమధ్య ఈ ఇంట్లో నావన్నీ తగ్గించడమే పనైపోయిందని చెప్పు" అంటూ మామగారు కప్పు బల్లమీద పెట్టి లేచి వెళ్ళిపోయారు. టీ మాత్రం చుక్క మిగల్చలేదు. అలక కోడలి మీదే కాని టీ మీద కాదు.

మొన్న రిహార్సల్ నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఆయన బాకా, అంటే ట్రంపెట్, నల్లపెట్టెలోకి వెళ్ళి బీరువా పైన కూర్చుంది. ఇంట్లో ఉన్నా బయట ఉన్నా చొక్కా జేబులో ఉండే దాని మూతి, ఆయన నోటికి ఆనించి ఊదే ఇత్తడి ముక్క, కిటికీ గట్టు మీద అనాథలా పడి ఉంది. చూస్తే రేపు ఉదయమే సినిమావాళ్ళ రికార్డింగు. బృందంలో ఉన్నదే నలుగురు, అందరూ ఒక ఇంటివాళ్ళే. మామగారిది బాకా, కొడుకుది అకార్డియన్, కూతురిది వయొలిన్, మామగారి తమ్ముడిది డ్రమ్ము. అందులో బాకా లేకపోతే మిగిలేది బృందం కాదు, ముగ్గురు దిగాలు మనుషులు.

తప్పంతా తనదేనని కోడలు ఒప్పుకోదు. సగం ఒప్పుకుంటుంది.

ఆమె పని ఆరుబయట పాటను పట్టడం, అంటే రికార్డు చేయడం. సినిమాలకూ రేడియో నాటకాలకూ కావలసిన సంగీతాన్ని గది గోడల మధ్య కాకుండా గట్ల మీదా మైదానాల్లోనూ వాయింపజేసి పట్టి ఇస్తుంది. గదిలో అయితే ఒక్కొక్కరికీ ఒక్కో మైకు పెట్టి, తరవాత తీరిగ్గా ఒకరిని పెంచి ఒకరిని తగ్గించవచ్చు. కానీ ఈ దర్శకుడికి అలాంటిది వద్దు. కథలో ఒక కుటుంబం బయలు ప్రదేశంలో నిలబడి వాయిస్తుంది. ఆ గాలితో, ఆ గడ్డితో సహా ఒక్క ఊపిరిలో పాట రావాలన్నాడు. అంటే ఒకే స్టాండుకు రెండు మైకులు, చుట్టూ మనుషులు, అంతే. ఆ తరవాత ఎవరినీ పెంచడం, తగ్గించడం కుదరదు. ఎవరి మోత ఎంత పెద్దదో వాళ్ళు మైకుకు అంత దూరంలో నిలబడాలి.

కాబట్టి వయొలిన్ ముందుకొచ్చింది. దాని వెనక అకార్డియన్, ఆ వెనక డ్రమ్ము, అందరికన్నా వెనక బాకా. ఇందులో ఎవరి మర్యాదకూ లోటు లేదని ఆమె ముందే చెప్పింది. మామగారు కూడా నవ్వుతూనే వెళ్ళి నిలబడ్డారు.

చిక్కు అక్కడ రాలేదు. ఎంత వెనక్కి పంపినా బాకా ఊదినప్పుడల్లా రికార్డరు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మోత మితిమీరితే వెలిగే దీపం అది. "ఇంకొంచెం వెనక్కి, మామయ్యా" అంటూ ఆమె ఆయన్ను రాతిబల్ల దాటించింది, తీగ కంచె దాటించింది, చివరికి పాడుపడిన కుళాయి పక్కకు చేర్చింది. అక్కడ ఆయన బాకా పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉండగా, అటుగా వచ్చిన ఒక దారిన పోయే దానయ్య ఈ బృందానికీ ఆయనకూ సంబంధం లేదనుకుని స్టేషనుకు దారి అడిగాడు.

మామగారు ఆ మనిషికి దారి చూపించి, తనూ ఆ దారినే ఇంటికి వచ్చేశారు.

వరండాలో మైకు తీగలు చుట్టలు చుడుతూ కోడలూ ఆమె భర్తా ఈ సంగతే మాట్లాడుకున్నారు. మాట్లాడుకోవడం అని మర్యాదకు అనాలి. అతను స్వతహాగా గోడమీద పిల్లి. అమ్మ దగ్గర అమ్మ మాట, నాన్న దగ్గర నాన్న మాట, భార్య దగ్గర వాతావరణం సంగతులు మాట్లాడే రకం. కానీ ఇవాళ గోడ దిగక తప్పలేదు.

"ఒక్కపూట నాన్నని ముందు నిలబెడితే ఏం పోతుంది?" అన్నాడు.

"నీ చెల్లెలి వయొలిన్ పోతుంది."

"అదెప్పుడూ పెద్దగా వినబడింది లేదుగా."

ఆ మాట లోపలి గదిలో వయొలిన్ తీగలు సవరించుకుంటున్న ఆడపడుచు చెవిన పడింది. ఆమె గుమ్మంలోకి వచ్చి అన్నను ఒక చూపు చూసింది. తరవాత వదినతో, ఇన్నేళ్ళుగా తను ఏం వాయిస్తోందో మొన్ననే మొదటిసారి తనకు వినబడిందని చెప్పింది. ఆ ఆనందం దాచుకోలేక నవ్వబోయి, నాన్న గదివైపు చూసి నవ్వు మింగి లోపలికి వెళ్ళిపోయింది.

"అది కాదు" అన్నాడు భర్త. "నాన్న ఎప్పుడూ ఇంత గట్టిగా ఊదలేదు. నువ్వు వెనక్కి పంపేకొద్దీ పంతానికి ఊదాడు. నువ్వు పంపడం మానేస్తే ఆయన ఊదడం మానేస్తాడు."

ఆమె చుట్ట చుడుతున్న తీగను చూస్తూ ఊరుకుంది. అది పంతం కాదని ఆమెకు తెలుసు. పెళ్ళికి ముందు, ఈ ఇంటి గుమ్మం తొక్కింది కూడా ఈ బృందాన్ని రికార్డు చేయడానికే. అప్పటి పాట ఇంకా ఆమె దగ్గర ఉంది. అందులో ఆయన బాకా ఎంత మెత్తగా పలుకుతుందంటే, పక్కన పిచ్చుక అరిస్తే అదీ వినబడుతుంది. అప్పటికీ ఇప్పటికీ తేడా నెలనెలా పెరుగుతూ వచ్చింది. తన మోత తనకు చాలనివాడే అలా ఊదుతాడు. వినడమే తన బతుకుతెరువు కాబట్టి, మామగారి చెవులు తగ్గుతున్నాయని ఆమెకు అందరికన్నా ముందే అర్థమైంది.

ఆ మాట భర్తకు చెప్పలేదు. అతని కడుపులో మాట దాగదు. సాయంత్రానికల్లా చెల్లెలికి, రాత్రికి చిన్నాన్నకు, మర్నాటికి వీధికంతా తెలిసిపోతుంది. వీధిలో పెద్ద బాకా అని పిలిపించుకున్న మనిషిని చెవిటి బాకా అనడానికి జనానికి ఎంతసేపు? అందుకే ఆయన్ను దూరంగా నిలబెట్టి, ఆ దూరంలో ఆ సంగతి కప్పేయాలని చూసింది. ఆయనకు మేలు చేస్తున్నాననే అనుకుంది.

"ఏంటి, మాట్లాడవు?" అన్నాడు భర్త.

"గాలి తూర్పునుంచి వస్తోంది" అంది ఆమె. అతని విద్య అతనికే అప్పజెప్పింది.

వంటింట్లో అత్తగారు కూర తరుగుతోంది. కోడలు పక్కన కూర్చుని ఇంకో కత్తి అందుకుంది. ఇద్దరూ కొంతసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆ వంటింట్లో మాటలు లేకపోవడం తగువుకు గుర్తు కాదు. వాళ్ళిద్దరికీ మొదటినుంచీ బాగా కుదిరింది.

"ఆయన్ని అంత వెనక్కి ఎందుకు పంపావో నాకు తెలుసు" అంది అత్తగారు, చేతిలో కత్తి ఆపకుండానే.

కోడలు ఏమీ ఎరగనట్టు, ఒకే స్టాండు కదా అత్తయ్యా అంటూ ఏదో చెప్పబోయింది.

"నా దగ్గరెందుకే. నాకు ఏడాదిగా తెలుసు." ఆవిడ గుమ్మంవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఎడమవైపు నుంచి పిలిస్తే పలకరు. అందుకే ఎప్పుడూ కుడివైపు కూర్చుంటాను. ఎవరైనా తలుపు కొడితే నేనే లేస్తాను. ఫోను మోగితే నేనే ఎత్తుతాను. వచ్చినవాళ్ళు చెప్పింది ఆయనకి మళ్ళీ నేను చెప్తాను. నాకు పెత్తనం ఎక్కువని అందరూ అనుకుంటారు. అనుకోనీ."

కోడలికి అప్పుడు వెలిగింది. ఈ రెండు రోజులుగా అత్తగారు మాటలు అటూ ఇటూ మోస్తోంది అలక తీర్చడానికి కాదు. అలకకు ముందూ ఆవిడ చేస్తున్న పని అదే. ఇంట్లో ఎవరూ గమనించలేదు. ఒకే కప్పు కింద ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు అదే రహస్యాన్ని దాస్తున్నారు. కోడలికి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు చెమ్మగిల్లాయి.

"నువ్వు కప్పిపెట్టాలని చూశావు. మంచిదే" అంది అత్తగారు. "కానీ ఆ కుళాయి దగ్గర నిలబడితే ఆయనకేం వినబడుతుందే? అకార్డియన్ ఎప్పుడు అందుకుందో, అమ్మాయి ఎక్కడ ఆపిందో ఒక్కటీ తెలియదు. గాలిలో చెయ్యి పెట్టి తడుముకున్నట్టే. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని చేతులు చూసుకున్నారు. మీరంతా కోపం అనుకుంటున్నారు. అది కోపం కాదు, భయం."

కోడలి చేతిలో కత్తి ఆగిపోయింది. అంత దూరంలో బాకా మైకుకు ఎలా వినబడుతుందో ఆమె ఆలోచించింది. అంత దూరంలో నిలబడ్డ మనిషికి ఏం వినబడుతుందో ఆలోచించలేదు. చెవులతో బతికేదాన్ని ఇంతమాత్రం తోచకపోయిందే అని సిగ్గు పడింది.

పోనీ ఆయనతోనే చెప్పేద్దామా అని అడిగింది.

"చెప్తే ఇక బాకా ముట్టరు" అంది అత్తగారు. "ఆయన సంగతి నాకు తెలుసు. వినబడని వాడు వాయించకూడదు అంటారు. పెట్టె ఎవరికో ఇచ్చేస్తారు. ఆ తరవాత ఈ ఇంట్లో ఆ మనిషి ఉండరు, ఆ కుర్చీ ఉంటుంది."

ముందు నిలబెడితే బాకా అందరినీ మింగేస్తుంది. వెనక నిలబెడితే ఆయనకు ఎవరూ వినబడరు. ఉన్నదున్నట్టు చెబితే బాకాయే ఉండదు. మధ్యలో రేపటి ఉదయం ఉంది. కోడలు మిగిలిన కూరంతా ముక్కలుగా కాక పొడిగా తరిగేసింది. అత్తగారు అది అలాగే మూకుట్లోకి తోసేసింది.

సాయంత్రం ఎండ దిగాక, పెరట్లో మేకుకు తగిలించిన చిన్న అద్దం ముందు మామగారు గడ్డం గీసుకుంటున్నారు. ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చిన కోడలు అది చూసి ఉన్నచోటే నిలబడిపోయింది.

గడ్డం గీసుకోవడంలో వింతేముంది అంటే, ఉంది. వాయించవలసిన రోజు ఆయన మొహానికి కత్తి తగలనివ్వరు. పెదవి దగ్గర ఈనెంత గాటు పడినా బాకా ఊదలేరు. అందుకని కచేరీకి ముందురోజు సాయంత్రమే గీసుకుంటారు. అంటే పెట్టె బీరువా ఎక్కినా మనసు ఎక్కలేదన్నమాట.

ఆమె రెండడుగులు దగ్గరికి వెళ్ళింది. అద్దంలో ఆమె మొహం కనబడగానే ఆయన చెయ్యి ఆగింది. అటూ ఇటూ చూశారు. మాట అందించడానికి అత్తగారు దరిదాపుల్లో లేదు.

"వెనకనుంచి వచ్చేవాళ్ళు చెప్పి వస్తే బావుంటుంది" అన్నారు.

"అత్తయ్య ఇక్కడ లేదు, మామయ్యా. ఎవరితో చెప్తున్నారు?"

"నేను అద్దంతో మాట్లాడుతున్నాను."

"అయితే నేనూ అద్దంతోనే చెప్పుకుంటాను" అంది ఆమె.

ఆయన మీసం కింద ఏదో కదిలింది. నురగ అడ్డం ఉండబట్టి అది నవ్వో కాదో తెలియలేదు. సరే చెప్పమన్నట్టు అద్దంవైపు గడ్డం ఎత్తారు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అటువంటి చోట నిలబెట్టినందుకు తప్పు తనదేనని, అక్కడినుంచి ఎలా ఉంటుందో తను చూసుకోలేదని చెప్పింది. ఆమె గొంతు సహజంగా చిన్నది. పైగా పెరట్లో పక్కింటి మోటారు ఒకటి మోగుతోంది. అయినా ఒక్క మాట కూడా ఆయన పొల్లు పోనివ్వలేదు. మాట్లాడుతున్నంతసేపూ కత్తి గాలిలోనే ఆపి అద్దంలో ఆమె పెదవులనే చూశారు. మధ్యలో ఎవరో గేటు తీసిన చప్పుడైతే ఆమె అటు తిరిగి అదే గొంతుతో ఇంకో మాట అంది. "ఆఁ?" అన్నారాయన. మళ్ళీ అద్దంవైపు తిరిగి అంటే, తల ఊపారు.

ఆమెకు చప్పున ఒక సంగతి తట్టింది. బాకా మోతంతా దాని నోరు ఎటు ఉంటే అటే పోతుంది. మనిషిని దూరం పంపక్కర్లేదు, బాకా నోరు అవతలికి తిరిగితే చాలు. వీపు తిప్పిన మనిషికి వెనకవాళ్ళు కనబడాలంటే అద్దం ఒకటి చాలు.

"రేపు మీరు మైకు పక్కనే నిలబడతారు" అంది. "అబ్బాయీ, అమ్మాయీ మీ భుజానికి తగిలేంత దగ్గరగా ఉంటారు. కాకపోతే మీ వీపు మా వైపు. బాకా మైదానం వైపు."

కత్తి చెంప మీదే ఆగింది. పెరట్లో మోటారు కూడా అప్పుడే ఆగింది. ఆ మాట ఆమె చెవికే మొరటుగా తోచింది. కుళాయి దగ్గర నిలబెట్టింది చాలక ఇప్పుడు వీపు తిప్పించడం. ఏ మామగారైనా ఏమనుకుంటారు?

"వీపు తిప్పుకుంటే ఎవరి చెయ్యి ఎప్పుడు కదిలిందో నాకెలా తెలుస్తుంది?" అన్నారు చివరికి.

ఎవరి పాట ఎలా వినబడుతుంది అని అడగలేదు. చెయ్యి అన్నారు. ఆ తేడా ఆమె పట్టుకుంది, పట్టుకున్నట్టు కనబడనివ్వలేదు.

"ఇలాగే" అంది, అద్దం చూపించి.

ఆయన అద్దంలో ఆమెను, తనను, వెనక తీగమీద ఆరిన బట్టలను, గేటుదాకా ఉన్న పెరడంతా ఒకసారి చూసుకున్నారు. మిగిలిన చెంప గీసుకుని, నీళ్ళతో మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకున్నారు. ఆ తరవాత వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ అద్దంతోనే అన్నారు.

"ఈ అద్దం చిన్నది."

తెల్లారేసరికి అత్తగారి బీరువాకు అద్దం లేదు. దాని మరలు టీ సాసరులో భద్రంగా ఉన్నాయి. మామగారు ఆ నిలువెత్తు అద్దాన్ని దుప్పటిలో చుట్టి, వరండాలో దాని పక్కన కూర్చుని ఉన్నారు. నల్లపెట్టె ఒళ్ళో ఉంది. జేబులో మూతి ఉంది. చీర కట్టుకుని ఎక్కడ చూసుకోవాలని అత్తగారు అడిగింది.

"నన్ను అడుగు, బావుందని చెప్తాను" అన్నారాయన. తరవాత గొంతు సవరించుకుని, "బండిలో దీన్ని నిలబెట్టాలా పడుకోబెట్టాలా అడుగు" అన్నారు. అలక ఇంకా పూర్తిగా తీరలేదు. కానీ అందులో పస పోయింది.

అత్తగారు కూడా బండెక్కింది. తన అద్దం ఎటు పోతే తనూ అటే అంది.

మైదానం మంచుతో తడిసి ఉంది. అవతల ఎక్కడో రైలు పట్టాలు, ఇవతల గడ్డి, మధ్యలో స్టాండు మీద గాలి తగలకుండా బొచ్చు తొడుగులు వేసుకున్న రెండు మైకులు. వాటిని చూసినప్పుడల్లా మామగారి తమ్ముడు, వీటికి పాలు పట్టారా అని అడుగుతాడు. ఈరోజూ అడిగాడు. దర్శకుడు గొడుగు వేసుకుని వచ్చాడు. వాన లేదు, ఎండా లేదు. గొడుగు లేకపోతే తనను ఎవరూ దర్శకుడు అనుకోరని అతని అనుమానం కాబోలు. దుప్పటి విప్పగానే బీరువా అద్దం చూసి, ఇది తెరమీద కనబడదు కదా అని కంగారు పడ్డాడు. ఇవాళ పట్టేది పాటనే కాని బొమ్మను కాదని కోడలు నచ్చజెప్పింది.

అద్దాన్ని బాకా నోటికి అడ్డం రాకుండా కాస్త పక్కగా కుర్చీకి కట్టి నిలబెట్టారు. మామగారు దాని ముందు నిలబడి, ముందుగా మీసం దువ్వుకుని, ఆ తరవాత కొడుకు చేతులు కనబడుతున్నాయో లేదో చూసుకున్నారు. పొద్దు పొడిచి అద్దంలోంచి వెలుగు డ్రమ్ము దగ్గరున్న తమ్ముడి కళ్ళలో పడితే, అతను తల పక్కకు తిప్పుకున్నాడు తప్ప అన్నగారి అద్దం కదపమని అడగలేదు. కోడలే వెళ్ళి కాస్త పక్కకు తిప్పింది.

రైలు గనక వస్తే తను చెయ్యెత్తుతానని, చెయ్యెత్తగానే అందరూ ఆపేయాలని, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుందామని అందరికీ చెప్పింది. అద్దంవైపు తిరిగి ఆ మాటే ఇంకోసారి చెప్పింది. ఆయన తల ఊపారు.

సరిచూసుకోవడానికి నాలుగు వరసలు వాయించారు. ఆమె రికార్డరు మీద దీపాన్నే చూస్తోంది. అది వెలగలేదు. బాకా నోరు అటు తిరిగినందుకే కాదు, మామగారు నిజంగానే తగ్గించి ఊదుతున్నారు. భుజానికి భుజం ఆనుకుని అకార్డియన్ ఉంది, ఎదురుగా అద్దంలో కూతురి వయొలిన్ కమాను కదులుతోంది. తనవాళ్ళు అందుతున్నారు కాబట్టి ఆయన అరవనక్కర్లేకపోయింది. కోడలికి ఒళ్ళంతా తేలికైంది. ఇంతకన్నా సంతోషం ఈమధ్య ఆమె ఎరగదు.

పాట ఎత్తుకున్నారు.

వయొలిన్ ముందు మెల్లగా నడిచింది. అకార్డియన్ దాని వెనకే వచ్చింది. డ్రమ్ము, లోపలికి రావచ్చా అని అడిగినట్టు తట్టింది. అప్పుడు బాకా. పెళ్ళికి ముందు ఆమె విన్న బాకాయే. గడ్డి మీద గాలి కూడా వినబడుతోంది. దూరంగా కూర్చున్న అత్తగారు ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎటూ చూడకుండా వింటోంది. దర్శకుడు గొడుగు మూసేశాడు.

పాట మధ్యలో బాకా ముందు నడిచి, మిగతావాళ్ళు కింద కింద తోడు వచ్చే చోటు ఒకటి ఉంది. అక్కడికొచ్చేసరికి మామగారు ఎప్పుడూ కళ్ళు మూసుకుంటారు. ఇప్పుడూ మూసుకున్నారు.

సరిగ్గా అప్పుడే చాలా దూరం నుంచి రైలు కూత వచ్చింది. దాని వెనకే పట్టాల చప్పుడు సన్నగా మొదలైంది. అంత దూరపు చప్పుడును కూడా మైకు వదలదు. కోడలు చెయ్యెత్తింది. ఆడపడుచు కమాను ఎత్తేసింది. డ్రమ్ము ఆగింది. అకార్డియన్ మధ్యలోనే తెరుచుకుని ఆగిపోయింది.

బాకా ఆగలేదు.

మైదానమంతా ఖాళీ అయిపోయి అందులో ఆయన ఒక్కరే మిగిలారు. కళ్ళు మూసుకుని, అందరూ తోడున్నారన్న ధీమాతో, ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గుతూ, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకుంటూ వాయిస్తున్నారు. వెనక ఎక్కడో రైలు పోతోంది.

భర్త మొహం తెల్లబోయింది. తండ్రి భుజానికి భుజం ఆనించి నిలబడి తను ఆపేశాడు. తండ్రికి తెలియలేదు. అతను మెల్లగా తల తిప్పి భార్యవైపు చూశాడు. నీకు తెలుసా అని ఆ చూపు అడిగింది. ఆమె చూపు దించుకోలేదు. అదే జవాబు.

ఆమె వేలు రికార్డరు ఆపే మీట మీద ఉంది. ఆపాలి. ఆపితే ఆయన భుజం తట్టి చెప్పాలి. కళ్ళు తెరిచి అద్దంలో చూస్తే, చేతులు దించి తనవైపే చూస్తున్న తన ఇంటివాళ్ళు కనబడతారు. ఆమె మీట మీదనుంచి వేలు తీసేసింది. ఎత్తిన చెయ్యి నెమ్మదిగా దించి, ముందు ఆడపడుచుకు, తరవాత మిగతా ఇద్దరికీ, రమ్మని సైగ చేసింది.

వయొలిన్ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి బాకాను కలుసుకుంది. డ్రమ్ము కలిసింది. అకార్డియన్ అందరికన్నా చివర, కొంచెం వణుకుతూ కలిసింది. మామగారు కళ్ళు తెరిచి అద్దంలోకి చూసేసరికి అందరి చేతులూ కదులుతున్నాయి. ఆయన సంతృప్తిగా కనుబొమలెగరేసి పాట ముగించారు.

చివరి చప్పుడు గడ్డిలో ఇంకిపోయేదాకా ఎవరూ కదలలేదు. ఆ తరవాత దర్శకుడు పరుగున వచ్చాడు. ఇదే కావాలి, రైలుతో సహా ఇదే కావాలి అన్నాడు. అందరూ తప్పుకుని ఒక్క మనిషిని రైలుకు వదిలేయడం ముందే అనుకున్నారా అని అడిగాడు. మామగారు అటు తిరిగి, ఊదినప్పుడు బాకాలో చేరిన చెమ్మను వంచేస్తున్నారు. ఆయనకు ఆ ప్రశ్న అందలేదు.

"ముందే అనుకున్నాం బాబూ" అంది అత్తగారు. అంత దూరం నుంచి ఆవిడ అంత త్వరగా ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు.

కోడలి పక్కకు భర్త వచ్చి నిలబడ్డాడు. మాట కడుపులో దాగని మనిషి. నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. పెళ్ళైన తరవాత మొదటిసారి అతను ఒక మాట దాచుకోవడం ఆమె చూసింది.

మామగారు వచ్చి తీగల పెట్టె మీద కూర్చున్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది. "ఎలా వచ్చిందో వినిపించమని చెప్పు" అన్నారు భార్యతో.

"నేను చెప్పను" అంది అత్తగారు. "మీ కోడలు మీ ఎదురుగానే ఉంది."

అప్పుడు ఆయన, ఎవరితోనూ ఏమీ అనకుండా, కోడలివైపు చెయ్యి చాపారు. ఆమె తన మెడలోని హెడ్‌ఫోన్లు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఈసారి అద్దంలోంచి కాదు, నేరుగా ఆమె కళ్ళలోకి చూశారు.

ఆమె పాట మొదలుపెట్టింది. ఆయనకు చాలాలని ముందే బాగా పెంచింది. హెడ్‌ఫోన్లలోంచి పాట బయటికి పొంగి పక్కనున్నవాళ్ళకు కూడా వినబడుతోంది. ఆయన వేళ్ళు మోకాలి మీద ఆడుతున్నాయి. కూతురి వయొలిన్ దగ్గర కూతురివైపు చూసి భేష్ అన్నట్టు తల పంకించారు. ఆడపడుచుకు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

కళ్ళు మూసుకునే చోటు వచ్చింది. రైలు కూత వచ్చింది. వయొలిన్, డ్రమ్ము, అకార్డియన్ ఆగిపోయాయి. మోకాలి మీద ఆయన వేళ్ళూ ఆగిపోయాయి.

హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదుముకున్నారు. ఇంకా అదుముకున్నారు. మొహంలో వెలుగు కొంచెం కొంచెంగా తగ్గింది. ఆయన తలెత్తి, ఇన్ని రోజుల తరవాత మొదటిసారి కోడలితోనే, ఆమెకు తప్ప ఎవరికీ వినబడకూడదన్నంత చిన్నగా అన్నారు.

"నా బాకా వినబడుతోంది. మనవాళ్ళు వినబడటం లేదు. ఇంకొంచెం పెంచమ్మా."

ఏడాదిగా భార్యతో కూడా అనని మాట అది. అన్నది ఇప్పుడు, తప్పు ఆయన చెవులది కానే కాని చోట. అక్కడ నిజంగానే ఎవరూ లేరు. లేరని చెబితే, ఎందుకు లేరో చెప్పాలి. చెప్పకపోతే, తన చెవులు అంతగా పోయాయనుకుంటారు.

ఆమె చెయ్యి మీటదాకా వెళ్ళి ఆగింది. భర్త, ఆడపడుచు, అత్తగారు ఆమెవైపే చూస్తున్నారు. మామగారు మాత్రం ఎప్పటిలా ఆమె పెదవులు చూస్తూ, అవి కదలడం కోసం ఎదురుచూస్తున్నారు.